జగన్నాథరావు గారి మృత్యుగండాలు

కొవ్వూరులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే జగన్నాథరావు గారికి ఒకటే పిచ్చి. కనపడిన ప్రతివాళ్ళకీ మృత్యుగండం చెబుతారు! ఇడ్లీ పాత్ర బేరం మధ్యలో కూడా చటుక్కున కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టేస్తారు. పక్కనే బట్టల కొట్టు పెట్టిన పాపానికి పదిహేనేళ్ళుగా ఈ గోల నేను వింటున్నాను.

ఓరోజు పూలమ్మే నూకరత్నాన్ని పట్టుకున్నారు.

"నీకు మృత్యుగండం ఉందమ్మా!"

"అమ్మబాబోయ్! ఏం చెయ్యాలండి?"

"మంగళవారం పరగడుపున రక్తం సమర్పించాలి."

"ఏ అమ్మవారికండి?"

"ల్యాబ్‌లో అమ్మాయికి."

నూకరత్నం వణుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చింది. స్కూటరు మీద తిరిగే ఉదయభాస్కర్‌ని శిరస్సుకు కవచం ధరించమన్నారు. అతను ఆ పూటే హెల్మెట్ కొన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయి, "పొద్దున్నే ఆ మాటేంటండి? కనీసం చావు అనండి!" అన్నాను.

"చావంటే ఎవడికి లెక్కండీ? చస్తున్నాం ఎండకి, చచ్చేంత పనుంది అంటూ రోజుకి వందసార్లు చస్తాం మనం. అదే మృత్యువు అని చూడండి, నోట్లో కిళ్ళీ నోట్లోనే ఆగిపోద్ది!" అన్నారు ఉత్సాహంగా.

ఈ వేసవిలో ఓ ఉదయం మా అక్క సూర్యకళ, బావ సురేష్‌బాబు మా కొట్టుకొచ్చారు. బావ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎడమ చెయ్యి నొక్కుకుంటున్నాడు. నేను చటుక్కున లేచి నిలబడ్డాను.

"హాస్పిటల్‌కి పోదాం బావా!"

"గ్యాస్ రా. సోడా తాగితే పోద్ది."

"చస్తేగానీ వినరా మీరు?" అక్క ఏడుపు.

"చచ్చినప్పుడు చూద్దాంలే" అని బావ కుర్చీలో కూలబడ్డాడు.

పక్క కొట్లోంచి జగన్నాథరావు గారు పరుగున వచ్చారు. బావని చూడగానే కళ్ళు మూసేశారు.

"సురేష్‌బాబు గారూ, మృత్యుగండం! పదకొండు లోపు గోదావరి దాటాలి! అవతలి ఒడ్డున తెల్లకోటు వాళ్ళ చేత ఛాతీకి తీగలు కట్టించుకోవాలి!"

బావ ముఖం పాలిపోయింది. "కారు తియ్యవేంట్రా!" అని తిరిగి నా మీదే అరిచాడు. వంతెన మీద లారీ అడ్డమొస్తే జగన్నాథరావు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "గండం అండీ బాబూ, దారివ్వండి!" అని ఒకటే కేకలు.

రాజమండ్రిలో డాక్టర్ హారతి గారు తీగలు పెట్టి చూసిన మరుక్షణం బావని లోపలికి తీసుకెళ్ళిపోయారు. స్టెంట్ వేశాక నవ్వుతూ బయటికొచ్చారు.

"గంట ఆలస్యమైతే దక్కేవారు కాదండి. ఇంతకీ ఈయనా జగన్నాథరావు గారి గండమేనా? ఈ నెలలో ఐదో కేసు!"

నేను గిరుక్కున జగన్నాథరావు గారి వైపు తిరిగాను.

"మీకసలు జాతకాలు వచ్చా?"

"నాకు నా నక్షత్రమే తెలీదండి" అన్నారు గుసగుసగా. "బీపీ చూపించుకో అంటే ఎవరైనా వింటారేంటండీ?"

పదిహేనేళ్ళు తిట్టుకున్నాను ఈ మహానుభావుణ్ణి! సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు హాస్పిటల్లో అక్క వరండాలోకెళ్ళినప్పుడు, ఆయన ఎదురుగానే బావకి నిజం చెప్పేశాను, తిడతాడేమోనని భయపడుతూనే. బావ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, అక్కకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ ఏడాదిగా కళ్ళు తిరుగుతున్నాయంటోందండి. డాక్టరుకి చూపించుకోమంటే వినదు. తనక్కూడా ఒక గండం చెబుదురూ... కాస్త గట్టిది."