నాలుకమీద చిటికెడు మన్ను

మొగల్తూరు దగ్గర మా పక్కచేను కౌలుకు చేసిన పెద్దాయనకు ఒక అలవాటుండేది. గట్టు దిగగానే చిటికెడు మన్ను తీసి నాలుకకు అద్దుకునేవారు. ఆ తర్వాతే మాట.

యజమాని ఆ చేలో రొయ్యల చెరువు తవ్వించి, గిట్టక పూడ్పించి, ఈయనకు కౌలుకిచ్చారు. మొదటి ఏడాది నాట్లు వేసిన వారానికే నేలలోని ఉప్పుకు ఆకుల కొసలు మాడిపోయాయి. ఇంకో పంట పోతే చేను వదులుకోవలసిందే. ఆయనకు వేరే ఆధారం లేదు.

నేను లైబ్రరీలో నేలల పుస్తకాలు రెండు చదివి, నోట్సు రాసుకుని వెళ్లాను. లంకల ఒండ్రులో అరటి బాగా వస్తుందని, ఇసుక నేలలో కొబ్బరి, నల్లమట్టిలో వరి అని మొదలుపెట్టాను. ఉప్పెక్కిన చేనుకైతే కాలవనీళ్లు నిలబెట్టి వదిలెయ్యాలని, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ పెంచి పూతకు రాగానే కలియదున్నాలని చదివి వినిపించాను.

"అలాగాండి" అంటూ అరగంట విన్నారు.

సాయంత్రం విత్తనం దొరికే చోటు చెబుదామని ఇంటికెళ్తే, వాళ్లావిడ నవ్వారు. "జీలుగ పోయిన వారమే తెచ్చారండి. మా మావగారు ఏటా చల్లేవారు కదా."

నాకు సిగ్గేసింది. "మరి చెప్పలేదేంటండి?" అని ఆయన్ని అడిగాను.

"మీరంత ముచ్చటగా చదువుతుంటే మధ్యలో ఎలా ఆపుతానండి?"

రెండేళ్లకు ఆ చేను నిండుగా ఈనింది. ఎవరడిగినా నన్ను చూపించి, "ఆయన పుస్తకం చూసి చెప్పారండి" అనేవారు. ఆయన పోయాక కూడా, నేనెంత కాదన్నా, ఊళ్లో అదే చెప్పుకుంటున్నారు.