పది గుంటల్లో ముత్యాలమ్మ

కొలత టేపు పట్టుకున్న మనిషిని చూస్తే మా అమ్మ కొడవలి పడేసి చెట్టు చాటుకు పోయేది. పామును చెప్పుతో అదిలించే మనిషి! కోదాడ శివార్లలో మా పది గుంటల, అంటే పావెకరం, ఆకుకూరల మడి పక్కన కొత్త కాలనీ వెలిశాక పట్టుకుంది ఆమెకా భయం. ఇళ్లు నిండాయి, పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు. పార్కు కోసం మున్సిపాలిటీ భూమి తీసుకుంటుందని, మా మడినీ, రోడ్డవతలి బీడునూ చూస్తున్నారని తెలిసింది.

ఆ మడి నాన్న కష్టం. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసి మోసి కొన్నాడు, కొన్న నాలుగేళ్లకే పోయాడు. తోటకూర, పాలకూర, గోంగూర అమ్మి అమ్మ నన్ను బీఎడ్ దాకా చదివించింది. పరిహారం ఇస్తారట. ఇస్తే మాత్రం, ఊరి పక్కన మళ్లీ పది గుంటలు కొనడం మా తరమా? నాకైతే ప్రైవేటు బడిలో ఉద్యోగం ఉంది. మడి లేకపోతే అమ్మ ఏమైపోతుందోనని నాకు తిండి సహించేది కాదు.

ఉపాయం చెప్పింది మఠంపల్లిలో ఉండే మా చిన్నమ్మ. "అక్కా, మడిల ముత్యాలమ్మను నిలబెట్టు. అమ్మోరున్న జాగను ఎవ్వడు ముట్టడు" అంది. మా వైపు ఇది కొత్తేమీ కాదు. హద్దు తగాదా వస్తే చాలు, ఎక్కడో ఓ రాయికి పసుపు పూసేస్తారు. నాకు నవ్వొచ్చింది. అయినా ఆదివారం స్కూటీ వేసుకుని వెళ్లింది నేనే. చిన్నమ్మ ఇంటి వెనక పడి ఉన్న నాపరాళ్లలో ఒకదాన్ని ఏరి, కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాను. "అమ్మోరికి హెల్మెట్ లేదు, చలాన్ రాస్తరేమో సిన్నమ్మా" అని జోకొకటి. నా నోరు ఊరుకోదు కదా.

అమ్మ వేపచెట్టు కింద రాయి పాతి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. మొదట్లో ఇద్దరం ఆ పక్కకు వెళ్తే ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయేవాళ్లం, నవ్వు ఆగక.

కాలనీలోకి వచ్చిన కొత్తవాళ్లకు ఆ రాయి ఎప్పటిదో ఏం తెలుసు? ఆకుకూరల కోసం వచ్చిన ఆడవాళ్లలో ఒకామె అగరుబత్తి వెలిగించింది, ఇంకొకామె కొబ్బరికాయ కొట్టింది. శ్రావణంలో ఏకంగా బోనాలే వచ్చాయి. డప్పులతో మడి గట్ల మీద నడిచొస్తుంటే నాకు సంబరం. "ఇగ మనల్ని ఎవడు కదిలిస్తడే?" అన్నాను అమ్మతో.

పది రోజులకు నా ఒళ్లంతా పొక్కులు లేచాయి. మా బడిలో అప్పటికే సగం క్లాసుకు ఉన్నాయి, నాకూ అంటుకున్నాయి, అంతే. అమ్మకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మవారు పోసిందంటూ పరుగెత్తి రాయి ముందు బోర్లా పడింది. "తమాషాకు తెస్తిమి, నవ్వితిమి. తప్పైంది తల్లీ, నా పిల్లను ఇడిసిపెట్టు" అని ఒకటే ఏడుపు. జ్వరంలో వేపాకుల మీద పడుకుని ఆ ఏడుపు వింటుంటే, చెప్పడానికి సిగ్గెందుకు, నాకూ భయమేసింది. పిల్లలకు సైన్సు పాఠం చెప్పేదాన్ని నేను! తగ్గాక కూడా ఆ రాయి దగ్గర గట్టిగా మాట్లాడలేదు.

చలికాలంలో సర్వేయరును వెంటబెట్టుకుని మున్సిపాలిటీ సారు వచ్చాడు. వెనక కాలనీ ఆడవాళ్లు, చేతిలో దరఖాస్తు. పార్కు ముత్యాలమ్మ దగ్గరే కావాలట. పిల్లలు ఆడుకుంటారు, పండక్కి బోనాలు దించుకోవడానికి జాగా ఉంటుంది. మామీద పగేం లేదు వాళ్లకు. రోజూ మా పాలకూర కట్టలు బేరమాడి కొనేవాళ్లే. "మన అమ్మోరు గదా అక్కా" అంటున్నారు అమ్మతో. మన అమ్మోరట! ఎవరూ ముట్టకూడదని పెట్టుకున్న రాయి అందరినీ పిలుచుకొచ్చింది.

సారు మంచివాడే. కుర్చీ వేస్తే కూర్చుని అమ్మను నెమ్మదిగా అడిగాడు. "దాచకుండా చెప్పమ్మా. ఈ దేవత పాతదా? పాతదైతే ఇంతమంది మాట కాదనలేను, పార్కు ఇక్కడే. మొన్నమొన్న మీరు పెట్టుకున్నదైతే అదే రాసుకుంటాను. రాయి తీసేయండి, వీళ్లకు రోడ్డవతలి బీడు చూపిస్తాను."

మేమే పెట్టినం సారూ. ఆ ఒక్క మాట అంటే చాలు, మడి మిగులుతుంది. అమ్మ రాయి వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. మచ్చలింకా పోలేదు. చెప్పవే అమ్మా, చెప్పు, అని లోలోపల అరుస్తున్నాను.

"మేం కొనకముందు నుంచి ఉన్నది సారూ" అంది అమ్మ.

సారు రాసుకున్నాడు. అమ్మ సంతకం పెట్టింది. అందరూ వెళ్లాక ఆమె మీద విరుచుకుపడ్డాను. "పిచ్చి లేసిందా నీకు? నాయిన రెక్కల కష్టమే అది! ఒక్క మాట నోట్లకెల్లి రాలేదా?"

అమ్మ అప్పటికే తోటకూర కోయడానికి వంగింది. సాయంత్రానికి కట్టలు కట్టాలి. "అమ్మోరి ముంగట ఆమెను మేమే తెచ్చినమని ఎట్ల చెప్పాలె? మళ్ల నీకు పోస్తే? మడి పోతే పోనియ్. నీకేమన్న అయితే నేనెట్ల బతకాలె?" అంది తలెత్తకుండా.

ఇంకా అరవబోయి ఆగాను. రాయి తెచ్చింది నేను. అమ్మ చెప్పకపోతే నేనైనా చెప్పొచ్చు. సంతకం పెట్టించే ముందు సారు నా వైపు తిరిగి, "ఏమ్మా, టీచరువు కదా, మీ అమ్మ చెప్పింది నిజమేనా?" అని అడిగాడు కూడా. నాకు భయమేసింది. నిజమేనని తలూపాను.