సున్నపురాళ్ల తొట్టి

2022 వానాకాలం. సూర్యాపేటలో మా ఇంటి ముందుగదే నా చేపల దుకాణం. నేను బడికి పోలేదు. అక్షరాలూ నాన్నే నేర్పారు, నీళ్ల గుణమూ నాన్నే నేర్పారు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ రెండింటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. ఆ చదువుతోనే కోదాడ, మిర్యాలగూడ దాకా వెళ్లి ఇళ్లల్లో చేపల తొట్లు అమర్చి వస్తుంటాను.

కోదాడ నుంచి సరిత అనే ఆమె పిలిపించింది. భర్త సైదులు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ నడుపుతాడు. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. ఆ మాట ఆమె చెప్పలేదు, నేను చెప్పులు విడవకముందే అత్త లక్ష్మమ్మ చెప్పింది.

"చేపలన్న ఆడుకుంటయని తెప్పిస్తున్న బిడ్డా. ఇంట్ల ఆడేటందుకు ఇంకెవలున్నరు?"

సరిత వినీ విననట్టు మంచినీళ్లు తెచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు మౌనిక గడపలో నిలబడి చూస్తోంది.

మొదటిసారి కదా, గప్పీలు చాలన్నాను. అవి నేరుగా పిల్లల్నే కంటాయి, శ్రమ తక్కువ. ఆమె ఏంజెల్ చేపలే కావాలంది.

"గుడ్ల దగ్గర తల్లీతండ్రీ ఇద్దరూ కావలి ఉంటాయంట కదక్కా. అది చూడాలని ఉంది."

నిజమే. ఏంజెల్ జత కుదిరిందంటే నిలువు పలక మీద గుడ్లంటించి, రెక్కలతో విసురుతూ అక్కడే తిరుగుతాయి. దానికి పెట్టేదే బ్రీడింగ్ ట్యాంక్. అడుగున ఇసుక గానీ రాళ్లు గానీ వేయం. గాలి బుడగలతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి, నల్లపలక ఒకటి, అంతే. అక్కడి బోరునీళ్లలో సున్నం ఎక్కువని వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన మంచినీళ్లు కలిపాను. ఈ సున్నాన్నే మేం హార్డ్‌నెస్ అంటాం. అది మితిమీరితే గుడ్డు పిల్ల కాదు, తెల్లబడి బూజు పడుతుంది.

కొన్ని వారాలకు గుడ్లు పెట్టాయి. తెల్లబడ్డాయి. మళ్లీ పెట్టాయి, మళ్లీ అంతే. కావలి కాసిన తల్లే వాటిని ఏరుకుని తినేసింది. ఆ తర్వాత సరిత ఫోన్ చేస్తే మాటకన్నా ముందు ఏడుపు వినిపించింది. వెనక నుంచి అత్త గొంతు.

"ఆమెకు చెప్తే ఏమొస్తదే? గొడ్రాలి చెయ్యి తగిలినంక గుడ్లు పిల్లలైతయా?"

మర్నాడే బస్సెక్కాను. చూస్తే తొట్టి అడుగంతా తెల్లరాళ్లు పరిచి ఉన్నాయి.

సైదులు మురిసిపోతూ చెప్పాడు. "నేనే తెచ్చినక్కా, క్వారీ కాడ ఏరి. తొట్టి బోసిగుందని మస్తు కడిగి ఏసిన. ఎట్లున్నయ్?"

ఒక రాయి తీసి, తుడిచి, కాస్త గీరి నిమ్మరసం పిండాను. సన్నగా నురుగొచ్చింది.

"ఇది సున్నపురాయి తమ్ముడూ. నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతోంది. గుడ్లు పాడైంది దీనివల్లే."

సరిత ఆ నురుగు వైపే చూస్తూ అడిగింది. "అయితే నా చెయ్యి కాదు కదక్కా?"

"కాదు తల్లీ. రాళ్లు."

లక్ష్మమ్మ ఆ పూట అంగట్లో ఉంది. "మీ అమ్మకు నువ్వే చెప్పాలి" అన్నాను సైదులుతో. "చెప్తనక్కా" అన్నాడు, నా మొహం చూడకుండా. రాళ్లు తీయించాను, నీళ్లు మార్చాను, దేవుడా నీదే భారం అనుకుని వచ్చేశాను.

కార్తీకంలో లక్ష్మమ్మే ఫోన్ చేసింది.

"బిడ్డా, నీ కడుపు సల్లగుండ! చేపలు పిల్లలు జేసినయి. సూదిమొనల లెక్క తొట్టి నిండ ఈదుతున్నయి!"

"సంతోషమమ్మా. ఫోన్ ఒకసారి సరితకివ్వండి."

"సరితెందుకు? తొట్టి చిన్నకోడలు అర్రల పెట్టించిన. మా మౌనిక నీళ్లోసుకున్నది గద. ఆమె చెయ్యి పడంగనే సూడు ఎట్లయిందో! నేను మొదలే చెప్పలే?"

"అది చెయ్యి కాదమ్మా, రాళ్లు తీసేసినందుకు..."

"ఏం రాళ్లు?"

అంతా విడమరిచి చెప్పాను. ఆమె నవ్వేసింది. "నువ్వు మంచిదానివి బిడ్డా. దాన్ని కాపాడనీకి ఏదో ఒకటి అంటవ్."

తర్వాత సరితతో మాట్లాడాను.

"ఆయన ఎట్లా చెప్తాడక్కా? రాళ్లు తెచ్చింది తనే కదా" అంది. "పోనీలే, పిల్లలు బతికాయి" అని కూడా అంది. చూశావా అని అడిగాను. మౌనిక గదిలోకి ఆమెను రానివ్వడం లేదట.

నా చేతి మీద ఏ గుడ్డు పిల్లయినా దేవుడికి దండం పెట్టుకోవడం నాకలవాటు. ఆ సాయంత్రం దీపం వెలిగించాను గానీ దండానికి చేతులు లేవలేదు. నేను బాగుచేసిన నీళ్లే ఆమె మీద సాక్ష్యం చెప్పాయి.

నీళ్లలో ఏం కలిసిందో కనిపెట్టడం నాన్న నేర్పారు. ఆ మాట ఎవరి ముందు చెప్పాలో సరిత ఇల్లు నేర్పింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, ఇంటి పెద్దామె వచ్చి ఎదురుగా కూర్చునేదాకా నిమ్మకాయ కోయను.