ఎగిరితే నీలం

నిన్న కంప్యూటర్‌లో పాత గేములు ఆడించే ఎమ్యులేటర్‌లో మన చిన్ననాటి టీవీ గేమ్ పెడితే రంగులన్నీ తారుమారై కనిపించాయి. సెట్టింగులు వెతికి సరిచేశాను. ఎర్రచొక్కా మనిషి తేటగా పరుగెత్తాడు. అప్పట్లో నాతో ఆడిన కొత్తకోట సలీంకు ఫొటో పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. "గీడెవడ్రా? మనోడు నేల మీద పచ్చగ, ఎగిరితే నీలంగ ఉంటుండె గద."

గుర్తుందా మీకు, బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు బిగించే మూడు రంగుల ప్లాస్టిక్ రేకు? పైన నీలం, నడుమ నారింజ, కింద పచ్చ. మా బాపు అది బిగించిన రోజు గల్లీ అంతా మా ఇంటికి 'కలర్ టీవీ' చూడవచ్చింది. వేడెక్కితే దానికదో కమ్మటి వాసన.

సెట్టింగుల్లో రంగులన్నీ తీసేసి, తెరకు మూడు జిలెటిన్ కాగితాలు అంటించాను. మళ్లీ ఫొటో పంపాను.

"ఆఁ, గిప్పుడు సెట్టయింది" అన్నాడు సలీం.