నికెల్ తొట్టి మూత

బస్సెక్కగానే అతను ముందు టికెట్ సంగతి చూడడు. పట్టుకునే కడ్డీ మీద బొటనవేలి గోరుతో ఒక గీత గీస్తాడు. పూత లేచిందా, దాని కింద తుప్పు దాక్కుందా అన్నది ఆ గోరే చెప్పాలి. హోటల్లో కుళాయి, ఆసుపత్రిలో తలుపు పిడి, చుట్టాలింట్లో కుర్చీ కాలు, ఏదీ దాన్ని తప్పించుకోలేదు. "కాసేపు చేతులు ముడుచుకుని కూర్చోలేవా?" అని భార్య మోచేత్తో పొడుస్తుంది. వీధి వీధంతా అతన్ని గోరు మేస్త్రీ అంటుంది.

లోహపు సామాన్లకు క్రోమ్ పూత వేయడం అతని పని. ఆ పనికంటే దాని ధరకు సంజాయిషీ చెప్పుకోవడమే అతనికి పెద్ద చాకిరీ. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఒక్కసారి ముంచి తీయడమేగా, ఇంత రేటా?" పరాయివాళ్లకైతే పళ్లు బిగబట్టి చెప్పేవాడు. సొంత బావమరిది నోట అదే మాట వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

బావమరిది ఒక పాత మోటారు సైకిల్ కొన్నాడు. దాని హెడ్‌లైట్ రింగు తుప్పు తిని గుంటలు పడిపోయింది. దాన్ని తెచ్చి బల్లమీద పెట్టి, రేటు విని గుండె పట్టుకున్నాడు.

"ఇంత రింగుకా బావా? సొంతవాడినని కూడా చూడవా?"

"సొంతవాడివి కాబట్టే విసుక్కోకుండా చెబుతున్నా," అన్నాడు మేస్త్రీ విసుక్కుంటూనే. "క్రోమ్ తొట్టిలో ఉండేది నువ్వు టీ తాగినంతసేపు కూడా కాదు. దానికి ముందు పాత పూత ఊడదీయాలి. తుప్పు తీయాలి. ఈ గుంటలన్నీ పోయేదాకా చక్రం మీద అరగదీయాలి. ఆపైన కరెంటు పెట్టిన తొట్టిలో రాగి, మళ్లీ పాలిష్, ఆపైన నికెల్, అప్పుడు క్రోమ్. అడుగడుగునా కడగాలి. ఆ కడిగిన నీళ్లు విషం, కాలవలోకి వదల్లేను. శుద్ధి చేయాలి. మిగిలిన బురద పట్టుకుపోయేవాడికి నేనే ఎదురు డబ్బివ్వాలి. ఇంతా అయ్యాక ఓ మూల మచ్చ కనబడిందనుకో, మళ్లీ మొదటికి!"

బావమరిది ఇంతసేపట్లో విన్నది ఒక్కటే. "అంటే అసలు ఖర్చంతా అరగదీయడానికేనన్నమాట. అది నేనే చేసుకొస్తాలే!"

మేస్త్రీ తల పట్టుకున్నాడు. వాదించే తీరిక లేదు. ఆసుపత్రి మంచాలు చేసే కంపెనీ ఒకటి మొదటిసారి పక్క కడ్డీలు పంపింది. మచ్చ లేకుండా, అన్న రోజుకు అందిస్తే ఏడాది పొడవునా ఆ పని అతనిదే. ఉన్నది ఒక్కటే నికెల్ తొట్టి. పసిబిడ్డకు స్నానం నీళ్లు చూసినట్టు రోజంతా దాని వేడి చూసుకుంటున్నాడు.

ఆ కడ్డీలు తొట్టిలో వేలాడుతుండగానే బావమరిది ఊడిపడ్డాడు. చేతిలో రింగు నున్నగా తళతళలాడుతోంది.

"చూడక్కా, వెన్నముద్దలా లేదూ? ఇక ముంచడమే తరువాయి."

తయారైన కడ్డీలను గుడ్డతో తుడుస్తున్న అక్క తలెత్తకుండానే అంది, "మీ బావ వెనక నీళ్ల తొట్టి దగ్గరున్నాడు. ఆయనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు." ఆమె కడ్డీలు ముందుగదిలో పెట్టి వచ్చేలోపు అతను గోడకున్న తీగ ఒకటి తీసి, రింగును దానికి తగిలించి, కడ్డీల పక్కనే నికెల్ తొట్టిలోకి దించేశాడు. బావకు కాస్త శ్రమ తగ్గించానని మురిసిపోతూ నిలబడ్డాడు.

మేస్త్రీ వచ్చేసరికి వేడి వేడి పచ్చటి ద్రావణం మీద వెండి రంగు పొరలు పొరలుగా తేలుతోంది. రింగు పైకి లాగితే గుంటల్లోంచి మెత్తటి ముద్ద జారింది. తర్వాత తీసిన కడ్డీలన్నీ పొగమంచు పట్టిన కిటికీల్లా వచ్చాయి.

"ఏం పూశావురా దీనికి?"

"గుంటలు కనబడకుండా కొంచెం పుట్టీ పెట్టా. పైన వెండి రంగు కొట్టా."

"పుట్టీలో కరెంటు పారదురా! నికెల్ ఎక్కడ అంటుకుంటుంది, నీ మొహానికా?"

"ఇంత రింగుకి ఇంత రాద్ధాంతమా బావా? తేలిన రంగు గరిటెతో తీసేస్తే పోదూ?"

మేస్త్రీ రింగును బల్లమీద పడేశాడు. బయటికి వెళ్లి గేటు మీద బరబరా గోరు గీశాడు. ఆ గేటుకు అసలు పూతే లేదు.

లోపల భార్య గొంతు ఖంగుమంది. "గరిటె కావాలా నీకు? ముట్టుకోవద్దని చెప్పానా లేదా? ఇకమీదట ఈ గుమ్మం తొక్కాలంటే నన్నడిగి తొక్కు!"

కరిగిన రంగును పీల్చుకోవడానికి బొగ్గు పొడి కలిపి తొట్టెడు ద్రావణాన్నీ వడకట్టారు. కడ్డీల మీది పూత ఊడదీసి, మళ్లీ పాలిష్ నుంచి మొదలుపెట్టారు. కడ్డీలు అద్దాల్లా తయారయ్యాయి గానీ అన్న రోజు దాటిపోయింది. కంపెనీవాళ్లు మర్యాదగానే తీసుకెళ్లారు. మర్యాదగానే తర్వాతి పని ఇంకొకరికిచ్చారు. బావమరిది మాత్రం ఏ నలుగురు చుట్టాలు కలిసినా, "మా బావ అయినవాళ్లకి కూడా రేటు తగ్గించడు," అంటూనే ఉన్నాడు. మేస్త్రీ ఆ మాట విని, కూర్చున్న కుర్చీ కాలు మీద గోరు గీస్తాడు. ఈసారి భార్య పొడవదు.

బావమరిది బండి ఇప్పుడు ప్లాస్టిక్ రింగుతో తిరుగుతోంది. గోరు మేస్త్రీ కుర్చీ కాళ్లకూ కుళాయిలకూ పూత వేస్తున్నాడు. నికెల్ తొట్టికి మూత ఉంది, మూతకు తాళం ఉంది. తాళంచెవి భార్య దగ్గరుంటుంది.