మంగళవాడకు పోయిన సీసా

మహారాజులవారి కాలంలో మా తాలూకాలోని ఒక చిన్న ఆస్పత్రిలో మేమిద్దరం మొగ నర్సు పని నేర్చుకుంటాంటిమి. కట్లు కట్టేది తక్కువ, సారాయి తాగేది ఎక్కువ. నాకంటే ఏడాది ముందు చేరిన మా సీనియరుకు పొద్దున్నే ఒక గుక్క పడందే చెయ్యి వణుకు నిలిచేది కాదు. "వణికే చేత్తో సూది ఎట్ల వేసేదప్పా? రోగి మంచికే తాగేది" అనేటోడు. ఆహా, ఏం త్యాగం! నేనూ వాని వెంట రోగుల మంచికి తాగేది మొదలుపెట్టినా.

అప్పట్లో మందు కావాలంటే ఖాళీ సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాల. మేము దాంట్లో మిక్చరు పోసి, గాట్లు కత్తిరించిన కాగితం పక్కన అంటించి ఇస్తాంటిమి. ఒక్కో గాటు ఒక్కో పూటకు. మా తెలివి చూడండి: సారాయిలో ఇంత రంగు కలిపి, దానికీ గాట్ల కాగితం అంటించి, మందు సీసాల వరసలోనే పెట్టినాం. డాక్టరయ్య దాని ముందరే నిలబడి మాకు శుభ్రత గురించి పాఠం చెప్పేటోడు.

ఒకనాడు మధ్యాహ్నం గుక్క కోసం చెయ్యి పెడితే మా సీసా లేదు. మంగళవాడ అనే పల్లె నుంచి పొద్దున వచ్చినామె, రెండేండ్ల బిడ్డకు దగ్గని తెచ్చిన సీసా మాత్రం మందుతో అట్లే ఉండాది. ఆమె చేతికి పొరపాటున మా సీసా ఇచ్చింది నేనే. సీనియరుకు చెప్తే, "అయ్యో, నిండు సీసా కదప్పా!" అన్నాడు. బిడ్డ మాట కాదు, సారాయి మాట! వాని మొగాన ఉమ్మాలనిపించింది.

ఆమెకు ఇయ్యాల్సిన మందు జేబులో పెట్టుకొని, సైకిలు అడుక్కొని మంగళవాడకు తొక్కినా. బిడ్డ బతికితే చాలు, ఇంక చచ్చినా ముట్టనని దారి పొడుగునా మొక్కినా.

"మెల్లగా మాట్లాడప్పా. ఒక గాటు తాపినా. మూడు దినాల తర్వాత ఇప్పుడే నిద్రపోయింది" అన్నాది తల్లి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినా. ఊపిరి ఉండాది, సారాయి వాసనతో. ఆడనే కూర్చున్నా. సాయంత్రానికి బిడ్డ లేచి, కక్కి, గట్టిగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

"ఇంటిదాకా వచ్చి చూసేవాళ్లు యాడుండారు? దేవునిమాదిరి వచ్చినావు" అని ఆ తల్లి నా కాళ్లు మొక్కింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. "ఇది ఇంకా మంచి మందమ్మా" అని సీసా మార్చుకొని బయలుదేరినా.

ఊరు దాటినాక సైకిలు ఆపి, బిడ్డ తాగంగా మిగిలింది తాగినా.