హెలెన్స్‌బర్గ్‌లో పుట్టువెంట్రుకలు: ఎవరి మొక్కు, ఎవరి జుట్టు

దాదాపు ఐదేళ్ల క్రితం ఒక ఆస్పత్రిలో, కంగారులో, దేవుడికి ఒక మాట ఇచ్చేశాను. ఆ మాట చెల్లించుకోవడానికి మొన్న మార్చిలో ఒక శనివారం బ్రిస్బేన్ నుంచి సిడ్నీ దగ్గరున్న హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చాం. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇండియా దాకా వెళ్లే వీలు కుదరని వాళ్లు చాలామంది ఈ దారే పడుతున్నారు కాబట్టి, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. దారి గురించి స్పష్టంగా చెప్పగలను. మిగతాదంతా నాకే ఇంకా అయోమయంగా ఉంది.

మేముండేది బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. మా ఆయన ప్రవీణ్‌ది వరంగల్, నాది నరసరావుపేట. మా హాసిని ఇక్కడే, ఇరవై తొమ్మిదో వారంలోనే తొందరపడి పుట్టింది. పుట్టినప్పుడు నా అరచేతి కంటే కాస్త పెద్దగా ఉందంతే. రెండు నెలలు అద్దాలపెట్టెలో పెట్టారు. అక్కడి డాక్టర్లు మంచివాళ్లే, కానీ ప్రతిదానికీ నన్నే అడిగేవారు. ఈ మందు వాడవచ్చు, వాడకపోవచ్చు, మీకేమనిపిస్తోంది? నాకేమనిపిస్తుందండీ, నేను కంప్యూటర్లలో పనిచేసేదాన్ని! మన ఊళ్లో డాక్టరుగారు "నేను చూసుకుంటాగా" అంటే ఆ మాటకే సగం ధైర్యం వస్తుంది. ఇక్కడ ఆ మాట ఎవరూ అనరు. ప్రవీణ్‌ని చొక్కా విప్పి పాపను గుండెల మీద పడుకోబెట్టుకోమన్నారు, రోజూ రెండు గంటలు. వైద్యమో, మమ్మల్ని ఊరడించడమో మొదట్లో అర్థం కాలేదు. చివరికి ఇంటికి పంపేటప్పుడు బిల్లు ఎంతని కౌంటర్లో మూడుసార్లు అడిగాను. ఏమీ లేదన్నారు. మేం కట్టింది కారు పార్కింగుకే.

ఆ రెండు నెలల్లో ఒక మధ్యాహ్నం హాసిని ఊపిరి ఆగింది. మెషీన్ గట్టిగా అరిచింది. నర్సు పరుగెత్తకుండా మామూలుగానే నడిచి వచ్చి, దాని అరికాలి మీద వేలితో గీసింది. ఊపిరి మళ్లీ మొదలైంది. నెలలు నిండని పిల్లలకు ఇది మామూలేనని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. కానీ ఆ పది, పదిహేను సెకన్లలో నేను మొక్కేసుకున్నాను: స్వామీ, దీన్ని బతికించు, దీని పుట్టువెంట్రుకలు నీకిస్తాను. బతికించింది ఆ వేలా, ఆ మొక్కా అని ప్రవీణ్ ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంటాడు. నేను మాత్రం రెండింటికీ బాకీ పడ్డాననే అనుకుంటాను.

మొదటి ఏడాది ఊపిరితిత్తులు బలపడాలి, జనంలోకి తీసుకెళ్లవద్దన్నారు. మూడో ఏట తిరుపతి టికెట్లు కొనే సమయానికి ప్రవీణ్ ఉద్యోగం మారింది. సరి సంవత్సరాల్లో తీయకూడదు కదా, అందుకని ఐదో ఏడు వచ్చేదాకా ఆగాం. ఈలోగా దాని జుట్టు నడుము దాకా పెరిగింది. ఈ జనవరిలో బడిలో, ఒకటో తరగతికి ముందుండే ప్రెప్ క్లాసులో చేరింది. మొదటి నెలలోనే బడిలో "నా ఒంటికి నేనే బాస్" అనే పాఠం చెప్పి, బొమ్మ వేయించి ఇంటికి పంపారు. ఎంత మంచి బడి అని మురిసిపోయి ఆ బొమ్మను ఫ్రిజ్ మీద అంటించింది నేనే.

ఇక ప్రయాణం. తెల్లవారుజామున నాలుగుంబావుకు ఇంట్లో బయలుదేరి, సెంటెనరీ మోటార్‌వే మీదుగా ముప్పావు గంటలో ఎయిర్‌పోర్టు చేరాం. ఆరింటి విమానం. నెల ముందే కొంటే ముగ్గురికి రానూపోనూ ఐదు వందల డాలర్ల లోపే అయింది. ప్రయాణం గంటన్నర. మా ప్రవీణ్ ప్రణాళిక ప్రకారం దిగాక తీరిగ్గా టిఫిన్ చేసి, రైలెక్కి హెలెన్స్‌బర్గ్ స్టేషన్లో దిగి, పదింటికి జుట్టు తీసే అతను వచ్చేసరికి గుళ్లో ఉంటాం. చేతి గడియారం చూసుకుని ఏడున్నరే అయింది కదా అంటూ కాఫీకి క్యూలో నిలబడ్డాడు. గోడ గడియారంలో ఎనిమిదిన్నర. వేసవిలో సిడ్నీ వాళ్లు గంట ముందుకు తిప్పుకుంటారు, మా బ్రిస్బేన్ వాళ్లు తిప్పుకోరు. పదేళ్లుగా ఈ దేశంలో ఉంటూ, ఆఫీసులో రోజూ సిడ్నీ వాళ్లతో మీటింగులు పెట్టుకుంటూ, ఈ మనిషి ఆ సంగతి మరిచిపోయాడు. నేనూ మరిచిపోయాననుకోండి, అయినా తప్పు ఆయన మీదే వేశాను. రైలు కోసం ఆగితే అందుకోలేం కాబట్టి ఫోన్లో కారు పిలిచాం. దాదాపు వంద డాలర్లు అయింది.

కారు నడిపే అబ్బాయి సురేష్ మాటల్లో ఒంగోలు వాడని తేలింది. యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు వారమంతా వృద్ధాశ్రమంలో పనిచేస్తూ, శని ఆదివారాలు కారు నడుపుతున్నాడట. గుడికి పుట్టువెంట్రుకలకని చెప్పగానే ముచ్చటపడి అద్దంలోంచి హాసినిని చూశాడు.

"ఏం పాపా, గుండు చేయించుకుంటన్నావా?"

నేను ఆపేలోపే అయిపోయింది. ఒక విషయం ఒప్పుకోవాలి, మేం హాసినికి చెప్పలేదు. గుడికి వెళ్తున్నాం, అక్కడ దోసెలు బాగుంటాయి అన్నామంతే. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇంగ్లీషులోనే.

"వాట్స్ గుండు?"

సురేష్ నవ్వుతూ తన టోపీ తీసి, నున్నటి తల చూపించాడు. హాసిని ఆ తలను చాలాసేపు చూసింది. "ఆల్ ఆఫ్ ఇట్?" అని నన్నడిగింది. నేను తలూపాను.

"నో, థాంక్యూ," అంది మర్యాదగా, కిటికీ వైపు తిరుగుతూ.

"అయ్యో, చెప్పలేదా అక్కా? నోరు జారాను, సారీ!" అని సురేష్ నాలుక కరుచుకున్నాడు. సదర్లాండ్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలవుతుంది. చాలా అందమైన దారి అంటారు. నేను ఏమీ చూడలేదు. ముప్పావు గంటా దాని జడనే చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదీ ముప్పావుకు గుడి చేరాం. చెట్ల మధ్య తెల్లటి గోపురం, చల్లటి గాలి. కౌంటర్లో టికెట్ తీసుకున్నాం. ధరలు మారుతుంటాయి కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి, జుట్టు తీసే మనిషిని కూడా ముందే మాట్లాడుకోండి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాకే మొదటి కత్తెర పడాలి. మా తమ్ముడేమో నరసరావుపేటలో ఉన్నాడు. నోరు జారిన పాపానికి ఆ పూటకు మేనమామగా ఉండమని సురేష్‌ని అడిగితే, బేరాలు మానుకుని సంబరంగా ఒప్పుకున్నాడు.

జుట్టు తీసే అతని పేరు రాజు, నల్లగొండ మనిషి. వారమంతా సిటీలో సెలూన్ నడుపుతాడు. పీట వేశాడు, నీళ్లు పెట్టుకున్నాడు, కత్తికి కొత్త బ్లేడు మార్చాడు. హాసిని పీట మీద కాకుండా పక్కన మెట్టు మీద, చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఐ సెడ్ నో," అంది అతనితో.

రాజు కత్తి కింద పెట్టేశాడు. "అక్కా, పాప ఒద్దంటుంది గదా. నేను కత్తి పెట్టను."

"పిల్లలు ఎక్కడైనా అవునంటారా బాబూ? మా ఊళ్లో నలుగురు పట్టుకుంటారు, అది కాస్త ఏడుస్తుంది, అయిపోతుంది."

"ఏడ్సుడు వేరక్కా, ఒద్దనుడు వేరు. ఏడ్చే పోరలను మస్తుమందిని చూసిన. ఈ పాప ఏడుస్తలేదు, సక్కగ కూసోని ఒద్దంటుంది."

నాకు తిక్క రేగింది. ఇంత దూరం వచ్చింది ఇతని పాఠాలు వినడానికా? వరంగల్లో ఉన్న మా అత్తమ్మకు ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము అయిదే అయినా ఆవిడ మేలుకునే ఉంది. "నెత్తి ఎంటికలే గదనే, మల్ల వస్తయ్. ఒళ్లె వట్టుకోని తీపియ్యి. ప్రవీణ్ గాడు గిట్లనే ఒర్రిండు, ఏమైంది వానికి?" అంది. స్పీకర్‌లో విన్న ప్రవీణ్ పలచబడ్డ తన నడినెత్తి నిమురుకున్నాడు. "ఏం చేద్దామంటవ్? నువ్వే చెప్పు," అన్నాడు నాతో. ఆస్పత్రిలో డాక్టర్లన్నట్టే.

వెళ్లి హాసిని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నువ్వు పుట్టినప్పుడు చాలా చిన్నగా ఉన్నావు, ఒకరోజు ఊపిరి ఆగిపోయింది, అప్పుడు భయపడి స్వామికి నీ జుట్టు ఇస్తానని చెప్పాను, మాటిస్తే తప్పకూడదు కదా, అని ఉన్నదంతా చెప్పాను. శ్రద్ధగా వింది.

"డిడ్ ఐ సే యెస్?"

"నీకు అప్పటికి మాటలే రావు కదే!"

"దెన్ వై డిడింట్ యూ గివ్ యువర్స్?"

తగవు పెట్టుకోవడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నిజమే, ఆ రోజు నా తల మీద కావలసినంత జుట్టుంది. దాని తల మీదైతే ఇంకా నూగే. అయినా నాది ఇస్తానని ఎందుకు మొక్కలేదు? ఎంత ఆలోచించినా ఒక్కటే తోచింది. నాదంటూ ఇవ్వడానికి ఉన్నదంతా ఆ రోజు ఆ అద్దాలపెట్టెలోనే ఉందనుకున్నాను. అది ఇంకొకరిదని నాకు తట్టనే లేదు. ఇది తెలిశాక సిగ్గేసింది. మొక్కు తీరకపోతే దానికేమవుతుందో అనే భయం మాత్రం అలాగే ఉంది.

లేచి వెళ్లి పీట మీద కూర్చున్నాను. "నాది తీసెయ్యి రాజూ."

రాజు తడబడ్డాడు. నన్ను దాటి వెనక్కి చూసి, "బావా, మీకు ఓకేనా?" అన్నాడు.

"నా జుట్టుకి ఆయన్ని అడుగుతావేంటయ్యా!" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. మెట్టు మీద హాసిని కూడా చూసింది. అరిచాక అర్థమైంది, పొద్దున్నించీ అది అంటున్న మాటే నేనిప్పుడు గొంతు చించుకుని అన్నానని. ప్రవీణ్ రెండు చేతులూ పైకెత్తి, "నన్నెందుకన్నా ఇర్కిస్తవ్, ఆమెనే అడుగు," అన్నాడు.

హాసిని దగ్గరికి వచ్చింది. "మమ్మీ, ఆర్ యూ షూర్?"

"లేదమ్మా," అన్నాను. అది నిజం. "అయినా ఇస్తాను."

పది నిమిషాలు పట్టింది. మేనమామ పనిలేక సురేష్, "పోనీ పాపనన్నా ఎత్తుకుంటాలే అక్కా," అని హాసినిని భుజానికెత్తుకుని నిలబడ్డాడు. సగమయ్యాక నా మొహం చూసి హాసిని ఏడుపు మొదలుపెట్టింది. తన జుట్టు కోసం ఒక్క చుక్క కార్చని పిల్ల, "పుట్ ఇట్ బ్యాక్, పుట్ ఇట్ బ్యాక్" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. భక్తితో అనుకుని పక్కన ఒక పెద్దావిడ నాకు నమస్కారం పెట్టింది.

దర్శనం అయ్యాక క్యాంటీన్లో కూర్చున్నాం. దోసెలు నిజంగానే బాగుంటాయి. ముగ్గురికీ, మొహమాటపడుతున్న సురేష్‌కీ కలిపి యాభై డాలర్లలో అయిపోయింది. హాసిని తన ప్లేటునే చూస్తూ తింది, నా వైపు తలెత్తలేదు. అత్తమ్మకు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "మొక్కింది ఒకల ఎంటికలు, ఇచ్చింది ఇంకొకలయా? గిదెక్కడి మొక్కే!" అంది. ఆవిడ అడిగిందాన్లో తప్పేముంది? కానీ ఆ ప్రశ్న ఎటు తిప్పితే అటు నన్నే అడుగుతున్నట్టుంది. వచ్చేటప్పుడు స్టేషన్ దాకా సురేష్ డబ్బు తీసుకోకుండా దింపాడు. రైల్లో ఎయిర్‌పోర్టుకు గంట పైనే పట్టింది. నాలుగింటి విమానంలో హాసిని నా పక్క సీట్లో కూర్చుంది. విమానం పైకి లేచి తిన్నగా అయ్యాక నా వైపు తిరిగి, చెయ్యి ముందుకు చాపి, మధ్యలోనే ఆపేసింది.

"మమ్మీ, కెన్ ఐ టచ్?"

తలవంచాను. ఇంత చిన్న చెయ్యి నడినెత్తి నుంచి మెడ దాకా నెమ్మదిగా తడుముకుంటూ వెళ్లింది. నన్ను ముట్టుకోవడానికి నా అనుమతి అడిగిన మొదటి మనిషి నా కూతురేనేమో. అది సంతోషమో, దిగులో చెప్పలేను.

సోమవారం ఆఫీసుకు వెళ్తే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఇంటి నుంచి పనిచేసుకోమంది. గుళ్లో ఇచ్చానని చెబితే ఇంకా జాలిగా తలూపింది. మధ్యాహ్నానికి బల్ల మీద పూలగుత్తి వచ్చింది. ఇక్కడ ఆడవాళ్ల గుండుకు ఒకటే అర్థం, కేన్సర్. అదే హాసినికి చేయించి బడికి పంపి ఉంటే ఆ పూలు ఎవరికి వచ్చేవో తలుచుకోలేకపోయాను. మొక్కు తీరిందా లేదా? నాకు తెలియదు. హాసిని ఊపిరి తీసుకుంటోంది, జడ వేయమని రోజూ పొద్దున్నే నా ముందు కూర్చుంటోంది. పెద్దయ్యాక ఇస్తానంటే ఇస్తుంది, లేదంటే లేదు. ఆ మాట రాయడానికే నాకు ఇంకా భయంగా ఉంది, అయినా రాశాను. ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటి: హెలెన్స్‌బర్గ్ కొండగాలి గుండుకు చాలా చలి, టోపీలు మరవకండి. మేం తెచ్చుకున్నది ఒక్కటే, ఐదేళ్ల పిల్లకు సరిపోయే గులాబీరంగుది. ఇంట్లో ఎంతమంది వెళ్తుంటే అన్ని సైజులూ పెట్టుకోండి.